గుర్రుమనడం మానేసిన కుక్క

నా చివరి పోస్టింగు కుప్పం. శాంతిపురం వైపు నుంచి, బెంగళూరులో పనిచేసే వాళ్ల ఇళ్ల నుంచి అక్కడి పశువుల ఆసుపత్రికి కుక్కలు బాగా వచ్చేవి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆసుపత్రికి కుక్క వస్తే వింత. రిటైరయ్యే నాటికి ఆవుల వరుస ఒకటి, కుక్కల వరుస ఒకటి. వచ్చేవాళ్లలో సగం మందికి జబ్బుతో పనిలేదు. చెప్పులు కొరుకుతుంది, సోఫా చించుతుంది, బండ్ల వెంట పడుతుంది, అన్నం గిన్నె దగ్గరికి పోతే గుర్రుమంటుంది. "మాన్పించే మందేమన్నా ఉండాదా సార్?" అని అడిగేవాళ్లు.

చెప్పులకూ సోఫాకూ ఏదో ఒక ఉపాయం చెప్పేవాణ్ణి. గుర్రుమనడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "అది మాన్పించొద్దు. అది గుర్రుమంటే మీరు వెనక్కి జరగండి. ఎందుకంటుందో చూడండి" అనేవాణ్ణి. మొహం చిన్నబుచ్చుకుని పోయేవాళ్లు. ఈ డాక్టరుకు కుక్కల సంగతి తెలియదని బయట చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు. నాకు అంతా తెలుసని నేనే ఊరంతా చెప్పుకు తిరిగిన రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో చేసిన తప్పు ఇది. ఇప్పుడు కొత్తగా ఈ ఉద్యోగంలో చేరుతున్న పిల్లలు, ముఖ్యంగా మొదటి రెండేళ్లకే చదువు పూర్తయిందనుకునే నాలాంటి వాళ్లు చదువుతారని రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. నా పేరు రాయడానికి నాకు సిగ్గులేదు గానీ, అది రాస్తే మిగతావాళ్లు తెలిసిపోతారు.

మాది మెట్ట సేద్యం చేసుకునే ఇల్లు. మా ఇంట్లో కుక్క అంటే వాకిట్లో పడి ఉండేది, మిగిలింది తినేది. దానికొక ఇష్టం, ఒక భయం ఉంటాయని మా నాన్న అనుకోలేదు, నేనూ అనుకోలేదు. కాలేజీలో కుక్కల గురించి చెప్పింది రోగాలు, టీకాలు. అంతకు మించి నేను అడగలేదు. మొదటి ఉద్యోగం పుంగనూరులో. ఆ ఊరి పొట్టి ఆవుల దగ్గర చాలా నేర్చుకున్నాను. కుక్కల విషయంలో నేర్చుకున్నది ఒకే ఒక్కటి, అదీ ఒక సీనియర్ డాక్టరు దగ్గర. కుక్క గుర్రుమన్న క్షణంలోనే, చుట్టిన న్యూస్‌పేపరుతో మూతి మీద ఒక దెబ్బ వేసి, గట్టిగా 'ష్' అనాలి. క్షణం ఆలస్యమైనా పనిచేయదు. వదలకుండా చేస్తే మూడు వారాల్లో నోరు మూసుకుంటుంది. అక్కడ ఒక కిరాణా వ్యాపారి కుక్క మీద అది పనిచేసింది. ఆయన అంగడికొచ్చిన ప్రతివాళ్లకూ నా గొప్ప చెప్పాడు. నాకు అంతకంటే ఏం కావాలి? ఆ చిట్కా జేబులో పెట్టుకుని మదనపల్లెకు బదిలీ మీద వచ్చాను.

మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి పక్క వీధిలో ఒక రిటైర్డ్ నర్సు ఉండేది. అందరూ సిస్టరమ్మ అనేవాళ్లు. పెళ్లి చేసుకోలేదు. వార్డులో ఆమె ఉందంటే డాక్టర్లు కూడా గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లని చెప్పుకునేవాళ్లు. ఆసుపత్రి గోడ పక్కన వానలో దొరికిన ఊరకుక్క పిల్లను తెచ్చి పెంచుకుంది. గోధుమ రంగు ఆడకుక్క. నా దగ్గరికి తెచ్చేనాటికి దానికి రెండేళ్లు.

ఆమెకు వచ్చిన ఇబ్బంది ఏమిటంటే, బుధవారం బుధవారం ఆమె ఇంట్లో ప్రార్థన కూడిక జరిగేది. ఇరవై మంది దాకా వచ్చి చాపల మీద కూర్చునేవాళ్లు. ఆ కుక్క మంచం కింద పడుకుని, దగ్గరికి వచ్చినవాళ్ల మీద గుర్రుమనేది. కరవడం లేదు, మీద పడడం లేదు, అంతే.

"పాస్టరయ్యగారు వాక్యం చెప్తాండంగా ఇది గుర్రు గుర్రు అంటాది సార్. సిగ్గుగా ఉండాది నాకు" అంది. చంకలోని సంచిలోంచి ఒక నోట్‌బుక్ తీసి నా ముందు పెట్టింది. వార్డులో జ్వరాల చార్టు రాసినట్టు గీతలు గీసి రాసింది. తేదీ, టైము, ఎవరు, ఏం జరిగింది, కుక్క ఏం చేసింది. ముప్పై ఏళ్ల అలవాటు. కుక్కకు కూడా చార్టు పెట్టిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. నవ్వొచ్చింది. పేజీలు తిప్పకుండానే మూసి, నా చిట్కా చెప్పాను. ఆలస్యం కాకూడదమ్మా, అది ముఖ్యం అని రెండుసార్లు చెప్పాను.

ఆమెకు అలా చెప్పక్కర్లేదు. డాక్టరు రాసింది రాసినట్టు చేయడమే ఆమె జీవితమంతా చేసిన పని. మూడు వారాల తర్వాత కుక్కతో వచ్చింది. అది బల్ల పక్కన కదలకుండా నిలబడింది. నేను మెడ కింద చెయ్యి పెట్టాను, చెవులు ఎత్తి చూశాను, పళ్లు చూశాను. ఒక్క శబ్దం లేదు. సిస్టరమ్మ నోట్‌బుక్ చూపించింది. ఈసారి పేజీ తిప్పాను, ఎందుకంటే అందులో నా గొప్ప ఉంది. చివరి వారమంతా ఒకే మాట: గుర్రు లేదు, గుర్రు లేదు, గుర్రు లేదు. పేజీ కింద 'వెరీ గుడ్' అని రాసి సంతకం చేశాను. ఆమె చిన్నపిల్లలా సంతోషపడింది. కూడికలో అందరూ, "మీ కుక్క కూడా మారుమనస్సు పొందింది సిస్టరమ్మా" అని నవ్వుతున్నారని చెప్పింది.

ఆమె వెళ్లాక మా అటెండరు బల్ల తుడుస్తూ ఒక మాటన్నాడు. ఆయనది కలకడ దగ్గర పల్లె. గొర్రెల మందలు, కాపలా కుక్కల మధ్య పెరిగినవాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద.

"సార్, అది అరిసేది మానింది గానీ బయపడేది మానలేదు సార్. మీరు సెయ్యి పెడితే బిర్రబిగుసుకుని నిలబడింది. కండ్లు పక్కకు తిప్పి తెల్లగుడ్డు సూపించింది. సూసినారా?"

"నువ్వు చూశావు కదప్పా, చాల్లే" అన్నాను. ఇంకో మాట కూడా అన్నాను, నీకున్నంత అనుభవం నాకు లేదులే అని, వెటకారంగా. ఆయన గుడ్డ పిండుకుని బయటికి పోయాడు. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. ఆయనకు అంతగా గుచ్చుకోలేదేమో. గుచ్చుకుని ఉంటే తర్వాత నాకు అంత సాయం చేసేవాడు కాదు.

రెండు నెలలు గడిచాయి. ఒక బుధవారం కూడికలో పాటలు అయిపోయి అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు. ఇంట్లో ఉన్న పెద్దవాళ్లలో ఒక్కరి కళ్లూ తెరిచి లేవు. ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే ఒకాయన కూతురు, అయిదేళ్ల పిల్ల, అమ్మ ఒడిలోంచి మెల్లగా జారి, మంచం కింద ఉన్న కుక్క దగ్గరికి పాకింది. ముందైతే కుక్క గుర్రుమనేది. ఎవరో ఒకరు కళ్లు తెరిచి పిల్లను లాగేవాళ్లు. ఆ రోజు ఇంట్లో అందరికీ మొదట వినిపించింది పిల్ల ఏడుపు. కంటి కింద చెంప చీరుకుపోయింది.

సిస్టరమ్మే పిల్లను ఎత్తుకుని పెరట్లో కుళాయి కింద పెట్టి, సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసుకుంటూ గాయం కడిగింది. పిల్ల గింజుకుంటుంటే తల్లి చూడలేక గోడకు తిరిగి నిలబడిందట. తర్వాత ఆసుపత్రి, సూదులు. కన్ను దక్కింది. చెంప మీద మచ్చ ఎప్పటికీ ఉంటుందని డాక్టర్లు చెప్పారు.

కుక్కకు టీకాలన్నీ సరిగ్గా పడ్డాయి. అయినా కరిచిన కుక్కను పది రోజులు కట్టేసి కనిపెట్టాలి. రోజూ సాయంత్రం నేనూ అటెండరూ వెళ్లి చూసేవాళ్లం. నా బుర్రలో ఉన్నదంతా రేబిస్ ఒక్కటే. నీళ్లు తాగిందా, అన్నం తినిందా, అంతే. నాలుగో రోజు తిరిగి వస్తుంటే అటెండరు బండి వెనక కూర్చుని అన్నాడు.

"ఆ బిడ్డకు దగ్గరికి రావద్దని సెప్పే దారి దానికి లేకుండా సేసినాం సార్."

'సేసినాం' అన్నాడు. ఆయన చేసిందేమీ లేదు. బండి ఆపాలనిపించింది, ఆపలేదు. ఆ క్షణం నుంచీ నాకు విషయం తెలుసు. తెలిసి కూడా ఆరు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. కంప్లయింటు పెడతారని భయం కొంత. ఊళ్లో పేరు పోతుందని కొంత. పుంగనూరులోనూ ఈ చిట్కా ఎంతమందికి చెప్పానో లెక్క లేదు, దాన్ని తలుచుకోవడానికే ధైర్యం చాల్లేదు.

పదో రోజు ఉదయం సిస్టరమ్మ కబురు పంపింది, సూది తీసుకుని రమ్మని. ఆ సూది అంటే కుక్క మళ్లీ లేవని సూది. జబ్బులేని కుక్కకు అది వేయాలా వద్దా అన్నది నా నిర్ణయమే. సరే అని సంచిలో పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే, కుక్క పోతే దాంతోపాటు నా తప్పు కూడా పోతుందని లోపల ఎక్కడో అనిపించింది.

వసారాలో పాస్టరయ్యగారు, సంఘపెద్ద ఒకాయన, పిల్ల తండ్రి కూర్చుని ఉన్నారు. తల్లి పిల్లను భుజాన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పిల్ల చెంప మీద కట్టు. కుక్క కిటికీ ఊచకు కట్టేసి ఉంది, మమ్మల్ని చూసి తోక మెల్లగా ఊపింది.

"నేనే రమ్మన్నాను సార్" అంది సిస్టరమ్మ. "ఇది గుర్రుమని కరిచింటే, నేను చూసుకోలేదు, తప్పు నాదే అనుకుందును. ఒక్క మాట అనకుండా కరిచింది. ఇది దొంగది. ఇంక దీన్ని నేను నమ్మలేను. పాస్టరయ్యగారు వద్దన్నారు, నేనే కావాలన్నాను."

కుక్కను పట్టుకోమన్నాను. అటెండరు కింద కూర్చుని దాని మెడ చుట్టూ చెయ్యి వేశాడు. సిస్టరమ్మ దాని ముందు కాలు అందుకుని, రోగి చెయ్యి పట్టుకున్నట్టే వెంట్రుకలు పక్కకు తీసి నరం కనబడేలా పట్టింది. అలవాటైన చేతులు. నేను సిరంజిలోకి మందు తీసుకున్నాను. అటెండరు నా మొహం వైపు చూడలేదు. చూసి ఉంటే, బహుశా, కోపంతో సూది వేసేసేవాణ్ణి. ఆయన కుక్క చెవులు నిమురుతూ నేల చూస్తూ ఉన్నాడు.

సిరంజి పక్కన పెట్టి, "సిస్టరమ్మా, ఆ నోట్‌బుక్ ఒకసారి ఇవ్వండి" అన్నాను.

మొదటి పేజీ నుంచి అందరికీ వినబడేలా చదివాను. ఉదయం ఏడు పది, పాల మనిషి మంచం కిందికి చెయ్యి పెట్టినాడు, గుర్రు. మధ్యాహ్నం, తింటాండంగా నేను గిన్నె జరిపినాను, గుర్రు. బుధవారం కూడికలో ఒకరు తోక తొక్కినారు, గుర్రు. అలా పన్నెండు. పన్నెండింటిలో ఒక్కటి కూడా ఊరికే అన్నది కాదు. దగ్గరికి రావద్దు, భయంగా ఉంది అని చెప్పిన పన్నెండు సార్లు. ఆమె అంత వివరంగా రాసి నా చేతిలో పెట్టింది. నేను చదవలేదు. తర్వాత, గుర్రు లేదు, గుర్రు లేదు. దాని కింద నా సంతకం.

"ఇది దొంగది కాదమ్మా" అన్నాను. "ఇది పన్నెండు సార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా కొట్టమని నేను నేర్పినాను. కొడితే భయం పోలేదు, చెప్పడం పోయింది. పిల్ల దగ్గరికి వచ్చినప్పుడు చెప్తే దెబ్బ పడుతుందని దానికి తెలుసు. తప్పు దానిది కాదు. మీదీ కాదు. నాది."

పిల్ల తండ్రి లేచాడు.

"అంటే నా బిడ్డ మొగం మీద ప్రాక్టీసు చేసినారా సార్ మీరు?"

"తెలియక చెప్పినానప్పా."

"తెలీనోళ్లు ఏల చెప్పినారు?"

ఈ వ్యాసం చదివే పిల్లలు ఇంకేమీ గుర్తు పెట్టుకోకపోయినా ఆ ప్రశ్న గుర్తు పెట్టుకోండి. తెలియదు అని చెప్పడానికి నాకు ఒక్క నిమిషం పట్టేది.

గుమ్మం దగ్గరి నుంచి తల్లి మాట్లాడింది. అప్పటిదాకా ఆమె గొంతు నేను వినలేదు. "దాన్ని చంపితే బిడ్డ మచ్చ పోతాదా? వద్దు. కానీ మళ్లా నా బిడ్డ కంట్లో అది పడకూడదు. యాడికన్నా పంపించండి."

పాస్టరయ్యగారు తల ఊపారు. అందరం సిస్టరమ్మ వైపు చూశాం. ఆమె కుక్క కాలు ఇంకా వదల్లేదు. తన రెండు చేతులూ చూసుకుంటూ ఉంది.

"ఈ చేతులతోనే కొట్టినాను సార్" అంది. "ఆలస్యం కాకుండా. మీరు చెప్పినట్టే."

నా తప్పు ఒప్పుకుంటే బరువు దిగుతుందనుకున్నాను. దిగింది, కానీ సగం ఆమె మీద పడింది. అలా అవుతుందని నేను ఆలోచించలేదు.

కుక్కను అటెండరు తన పల్లెకు తీసుకుపోతానన్నాడు. సిస్టరమ్మ లోపలికి వెళ్లి దాని గిన్నె కడిగి, తుడిచి, ఆయన చేతికిచ్చింది. గేటు దాకా రాలేదు. వీధి చివర దాకా కుక్క వెనక్కి తిరిగి చూస్తూనే నడిచింది. పిల్ల తండ్రి కంప్లయింటు రాశాడు. పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. రాసిందంతా నిజమేనని జవాబిచ్చాను. మా కొలీగ్స్‌లో కొందరు, నోరు మూసుకుని ఉంటే సరిపోయేది కదా, అన్నారు. ఆ మాట విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ తర్వాత కుప్పం బదిలీ వచ్చింది. పుంగనూరు మీదుగా వెళ్తూ బస్సు దిగి, ఆ కిరాణా వ్యాపారి అంగడికి వెళ్లాను. ఆయన కుక్క ముసలిదై చనిపోయిందట, ఎవర్నీ కరవలేదట. అదృష్టం నాది కాదు, ఆ వీధి పిల్లలది.

కుప్పంలో నా పద్ధతి మారింది. పిల్లకుక్కను తెచ్చుకున్న వాళ్లకు టీకా వేసే ముందే నాలుగు మాటలు చెప్పేవాణ్ణి. చిన్నగా ఉన్నప్పుడే కొత్త మనుషుల్నీ, పిల్లల్నీ, శబ్దాల్నీ మెల్లగా పరిచయం చేయండి, బలవంతంగా కాదు. దానికి ఎవరూ రాని ఒక మూల ఇవ్వండి. తినేటప్పుడు గిన్నె లాగొద్దు, వీలైతే పక్కన నిలబడి ఇంకో మంచి ముక్క వేయండి. రోజంతా గొలుసుకు కట్టేయొద్దు. పిల్లల్నీ కుక్కనీ ఒకచోట వదిలి కళ్లు మూసుకోవద్దు. ఇవన్నీ ఇప్పుడు ఫోనులో దొరుకుతాయి. నాకు ఒక పిల్ల చెంప ఖర్చు పెడితే దొరికాయి.

అటెండరు రిటైరై కలకడ దగ్గర వాళ్ల పల్లెలో స్థిరపడ్డాడు. నెలకోసారి ఫోను చేసేవాడు. నేను అడిగే మొదటి సంగతి కుక్కదే. ఏడాది పైన ఒకటే జవాబు. "నోరు తెరవదు సార్. తింటాండంగా ఎవురన్నా దగ్గరికొస్తే తినేది నిలిపేసి బిగుసుకుపోతాది. మేము అటు పోము. పిల్లోళ్లకు గూడా గట్టిగా సెప్పి పెట్టినా." దాని గిన్నె దారికి దూరంగా గొర్రెల దొడ్డి వెనక పెట్టాడు. అటువైపు పోవాల్సి వస్తే దూరం నుంచే ఒక మంచి ముక్క విసిరి పక్కకు తప్పుకునేవాడు. ఎవరూ ఆయనకు ఇవి నేర్పలేదు.

ఒక రోజు ఉదయం, ఆసుపత్రిలో ఉండగా ఫోను వచ్చింది.

"సార్, ఈ పొద్దు గుర్రుమనింది సార్."

ఆయనే చెప్పాడు. కోడలు కొత్తగా వచ్చింది, తెలియక గిన్నె దగ్గర కసువు ఊడ్చింది. కుక్క తల ఎత్తి గుర్రుమంది.

"నువ్వేం చేసినావప్పా?"

"ఈడికి వచ్చేయమ్మా అని కోడలిని పిలిసినా. వచ్చేసింది. అది మల్ల తల దించుకుని తినుకునింది సార్."

బయట ఆవును పట్టుకుని ఒక రైతు నిలబడి ఉన్నాడు. ఆయన ముందే ఏడ్చాను. ఇంట్లో ఎవరికన్నా బాగాలేదా సార్ అని అడిగాడు పాపం.

ఆ ఆదివారం బస్సెక్కి మదనపల్లె వెళ్లాను. ఆ ఉదయం తర్వాత సిస్టరమ్మను చూడడం అదే మొదలు. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, కుర్చీ వేసింది. ఆమె మళ్లీ కుక్కను పెంచలేదు. ఆ పిల్ల ఇప్పుడు బడికి పోతోందని, మచ్చ కాస్త సన్నబడిందని, కానీ వీధిలో కుక్క కనిపిస్తే ఇప్పటికీ ఆ పక్కకు దాటుకుంటుందని చెప్పింది. కుక్క గురించి మాత్రం ఏమీ అడగలేదు. నేనే చెప్పాను, కోడలు, చీపురు, గిన్నె, మొత్తం.

ఆమె చాలాసేపు చీర కొంగు అంచు మడుస్తూ కూర్చుంది.

"గట్టిగానే అనిందా సార్?"

"గట్టిగానే అనిందంటమ్మా."

కళ్లద్దాలు తీసి ఒడిలో పెట్టుకుంది. నా వైపు చూడకుండా అడిగింది.

"ఎవురూ కొట్టలేదు గదా?"